ఓదెమ్మ ఖాతా

ఎలగందుల కచేరీ కరీంనగరం తరలిన ఏడు
కుంపటి, ఊదుగొట్టం, కమ్మచ్చు, గురిగింజల సంచి
ఒక్క ఎడ్లబండి మీద వచ్చినయి.
బండి వెనక నడిచొచ్చింది మా ముత్తవ్వ.
ఆమె ఎక్కితే నీళ్లకుండకు జాగ లేదట.

ఎర్రోజు సాంబయ్య చేతిలో వెండి
వెంట్రుకంత సన్నగిల్లేది.
అత్తరుదాన్లు, పాందాన్లు,
ఏ దొరసాని మంచం పక్కనో పూసిన తీగెలు.
రెండు పోగులు చెక్కల నడుమ పెట్టి
పురి పేనింది మాత్రం ఓదెమ్మ.
దానికి కూలి లేదు. పేరూ లేదు.
"వంటయినంక ఊకెనే కూసోక" అనేది మా నానమ్మ.

ఊరంతా జ్వరం పడ్డ ఏడు
జొన్నలకు కాలి కడియాలు విప్పింది.
పెండ్లాం సొమ్మే గదా అనుకోలేదు, తూచిండు:
ఇరవై రెండు తులాలు, మీద మూడు గింజలు.
కుంపట్లో వేసేముందు చేతులు తుడుచుకొని
ఖాతాలో రాసిండు:
ఓదెమ్మకు ఇయ్యాలె.

పదేండ్ల తర్వాత అదే పేజీలో
"ముట్టినవి, మట్టెలు, తులం" అని ఒక వరుస,
దానిమీద అడ్డగీత.
మళ్లీ తూచమన్నదట ఆమె.
రెండు గింజలు తక్కువొచ్చినయట.
మట్టెలు వాపసు.
ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో
ఎవరూ చెప్పలేదు.

కొడుకులు పాలు పంచుకున్నప్పుడు
తక్కెడ పెద్దాయనకు, గింజలు చిన్నాయనకు పోయినయి.
గింజలు లేని తక్కెడ ఏం తూస్తది?
బాకీలో పాలు ఎవరూ అడగలేదు.

ఖాతా తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది.
వెండి ధర చూద్దామని ఫోను తీసి
మళ్లీ జేబులో పెట్టుకున్న.
చెద ఆ వరుస చివరి ఎత్వాన్ని తిన్నది.
ఇప్పుడు అక్కడ
"ఓదెమ్మకు ఇయ్యాల" అని ఉన్నది.