అప్పు తెచ్చిన పది

మా ఇంట్లో పలక కొనలేదు.
ఎర్రగుంట్లలో ఏ ఇంట్లోనైనా
కాళ్ల కింద పరిచిందే పలక.
నల్లబండను తడిగుడ్డతో తుడిస్తే
అమాస రాత్రి మాదిరి నిగనిగలాడుతుంది.
ఆరేదాకా సుద్ద పట్టదు.
ఆరేదాకా ఆగలేడు మా దస్తగిరి.

ఐదూ మూడూ ఎంతరా?
ఒక చేతివి ఐదు, రెండో చేతివి మూడు.
బొటనవేలు ముడిచి పట్టుకోవడం వానికింకా రాదు,
అది ఊరికే లేచి నిలబడుతుంది.
అందుకని మా ఇంట్లో ఐదూ మూడూ తొమ్మిది.

వేళ్లు వద్దులే అని చెనక్కాయలు ఒలిచి పోసినా.
పది గింజలు. నాలుగు తీసెయ్.
తీసి నోట్లో ఏసుకున్నాడు.
ఎన్నుండాయి?
"ఆరు" అన్నాడు నములుతూ.
తప్పు లేకుండా వచ్చిన మొదటి తీసివేత అది.
సంబరం కొద్దీ ఇంకోటి చెప్పినా,
ఆరులో రెండు.
జైనాబీ పాక్కుంటూ వచ్చి ఒక గింజ ఎత్తుకపోయింది.
"మా, రెండు నేను తిన్నా.
ఒకటి లెక్కలో లేకుండా పోయింది."
అట్ల పోయినదానికి ఏ గుర్తు పెట్టాలో
నా ఐదో తరగతిలో చెప్పలేదు.

ఆ మర్సటి దినం నుంచి చింతపిక్కలు.

పొద్దున పాలిష్ యార్డులో నా పని కూడా ఇదే,
బండ అంచున సుద్దతో అంకె వేయడం.
రెండడుగులవి ఇటు, మూడడుగులవి అటు,
పగిలినవి గోడవారకు.
వందలో పదమూడు పోతే ఎనభై ఏడు అని
సేటు అడగక ముందే నోటికొస్తుంది.
ఆ పదమూటికి కూలి రాదని
ఆ తర్వాత గుర్తొస్తుంది.
ఇంటికొచ్చేతలికి వెంట్రుకల నిండా తెల్లటి దుమ్ము.
"మా, నువ్వు ముసల్దానివైనావు" అంటాడు వాడు.
ఎన్నేండ్లు కలిస్తే ముసలిదాన్నవుతానో
చింతపిక్కలతో లెక్కేస్తాడు, చాలవు.

ఇప్పుడు పిల్లోళ్లు ఐదుమందైనారు.
పుల్లన్న కూతురు గౌతమి వాళ్లందర్లోకీ పెద్దది,
మూడో తరగతి.
మొన్న దానికి ముప్పై రెండులో పదిహేడు ఇచ్చినా.
రెండులో ఏడు పోతాయా?
పోవు.
అయితే పక్కింటికి పో, మూడునడుగు,
ఒక పది అప్పు తెచ్చుకో.
రెండు పన్నెండైంది, మూడు రెండైంది.
పన్నెండులో ఏడు పోతే ఐదు.
రెండులో ఒకటి పోతే ఒకటి.
పదిహేను.
అందరూ చప్పట్లు కొట్టినారు, గౌతమి కొట్టలేదు.

"అత్తా, ఆ పది మళ్ల ఎప్పుడిస్తాం?"

"ఇయ్యం. బండ తుడిచేస్తాం గదా" అన్నాడు దస్తగిరి.
ఆ పిల్ల వాని పక్కకే చూడలేదు.
నేను తడిగుడ్డ పట్టుకుని అట్లనే కూచున్నా.
ఇన్నేండ్లలో ఎన్ని పదులు తెచ్చుకున్నానో,
ఒక్కటైనా తిరిగిచ్చినట్టు గుర్తులేదు.

అన్నం ఉడుకుతా ఉండె.
పిల్లోళ్లు ఒక్కొక్కరే లేచిపోయినారు.
గౌతమి కదల్లేదు.
పోయిన పదిహేడును తెచ్చి
మిగిలిన పదిహేను కింద మళ్ల రాసింది.
ఐదూ ఏడూ పన్నెండు.
"రెండు వేసి, ఒకటి చేతిలో పట్టుకో" అన్నా అలవాటుగా.
ఆ పిల్ల నిజంగానే గుప్పిట మూసింది.
మూసిన గుప్పిటను జరుపుకుంటా
పక్కింటి దాకా తీసుకపోయి
పదుల నెత్తిన తెరిచింది.
ఒకటీ ఒకటీ రెండు, చేతిలోది ఒకటి, మూడు.
ముప్పై రెండు.

"ఇచ్చేసినా" అంది.
లేచి, గౌను దులుపుకుని, వాళ్లింటికి పోయింది.

ఆ రాత్రి ఆ మూల తుడవకుండా
చాప అటు పక్కకు జరిపి పరిచినా.
దస్తగిరి నిద్రలో చేయి చాపినాడు.
మూడు వేళ్లు, వాటితో పాటు బొటనవేలు.
రేపు దాని సంగతి చూడాల.