ముప్పయ్యారు మొహాలు

వాల్‌టాక్స్ రోడ్డులో ఆరున్నర వెలుతురు
ఇంకా ఎవరి సొత్తూ కాదు.
లారీల కింద పడుకున్నవాళ్ల పాదాల మీదుగా పాకి
మూసిన షట్టర్లకు కాసేపు ఆనుకుంటుంది.
నా కెమెరాలో మీటరు చచ్చి రెండేళ్లయింది.
అరచెయ్యి చాపి, దాని మీద ఎండ చూసి,
అంకె తిప్పుతాను.
ఒక్కోసారి తప్పుతాను.

మొదటి మొహం ఏళుమలైది.
రిక్షా సీటు కింద నుంచి దువ్వెన తీసి
లేని జుట్టు దువ్వుకున్నాడు.
ఇస్త్రీ మీరాన్ బొగ్గులు విసరడం ఆపలేదు,
పొగే అతనికంటే ముందొచ్చి నిలబడింది.
భవర్‌లాల్ సేటు ఎంతకీ ఒప్పుకోలేదు.
"రంగుల్లేని ఫొటోకి దండ వేస్తారు బాబూ" అంటూ
గల్లాపెట్టె వెనక్కి తప్పుకున్నాడు.
ఆ తప్పుకోవడాన్నే తీశాను.

రీలు ధర నాకు నాలుగు రోజుల భోజనం.
అందుకే ఒక్కో మొహం దగ్గరా
పది నిమిషాల మాటలు,
ఒక్క రెప్పపాటు పని.

ముప్పయ్యారోది పెంచలమ్మ.
అరవంలో అడిగితే తెలుగులో కసిరింది,
"మనోడివేనా? ముందే చెప్పకూడదా?"
నెల్లూరు నుంచి వాళ్ల తాత మోసుకొచ్చిన తెలుగు,
కార్పొరేషన్ క్వార్టర్సులో మూడు తరాలు వాడినా
అంచు అరగలేదు.
చీపురు గోడకు ఆనించింది.
కారుతున్న నీళ్ల లారీ పంపు కింద మొహం కడుక్కుంది.
ఆకుపచ్చ కోటు విప్పి, మడిచి, చెత్తబండి పిడి మీద వేసి
"ఈ కోక ఏ రంగులో పడుద్ది?" అంది.
రంగు పడదమ్మా.
తెలుపు, నలుపు, మధ్యలో అంతా బూడిద.
"బూడిదా! రోజూ నేనెత్తిపోసేది అదేగా"
అని నవ్వబోయి
ఆపుకుని
నా వైపు చూసింది,
పాత బాకీ తీర్చడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు.
నొక్కాను.

పెరంబూరు గదిలో, స్నానాల గది తలుపు సందుల్లో
తువ్వాళ్లు కుక్కి
చీకట్లో వేళ్లతోనే చుట్ట చుట్టాను.
కుళాయి నీళ్లు ముప్పయ్యొక్క డిగ్రీలు.
చేపలంగడి నుంచి తెచ్చిన ఐసు చుట్టూ పేర్చాను.
గది నిండా వంజరం వాసన.
పదకొండు నిమిషాలు,
అరనిమిషానికోసారి డబ్బా తిరగేస్తూ
వాళ్లందర్నీ పేరుపేరునా తలుచుకున్నాను.

తీసి చూస్తే
గోడ లేదు, పొగ లేదు, దువ్వెన లేదు.
అంచున కంపెనీ అచ్చేసిన అంకెలు మాత్రం
ఒకటి నుంచి ముప్పయ్యారు దాకా,
ఎవరూ రాని రోజు హాజరుపట్టీలా.
ఫిల్ము పళ్లకు పట్టనేలేదు.
ముప్పయ్యారుసార్లు నేను మీట తిప్పుతుంటే
అది డబ్బాలో ముడుచుకుని పడుకుంది.

మూడు వారాలు సెంట్రల్ స్టేషన్ చుట్టూ తిరిగి
ఆ రోడ్డు తప్పించాను.
అబద్ధాలన్నీ అద్దంలో చెప్పి చూసుకున్నాను,
ఏదీ నా మొహానికి నప్పలేదు.

ఇవాళ చుట్టను చుట్టగానే తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.
పెంచలమ్మ దాన్ని ఎండకెత్తి
ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగి చూసింది.
నేను నోరు తెరిచేలోగా
"ఎవురు ఊడ్చినారయ్యా, ఇంత శుబ్బరంగా?" అంది.
ఏళుమలై రిక్షా హ్యాండిల్ మీద పడి పడి నవ్వాడు.

ఆ నవ్వు ఆగేలోపు కొత్త రీలు ఎక్కించాను.
మూత వేసేముందు ఆమెకి చూపించాను:
ఇవి పళ్లు, ఇవి కన్నాలు.
ఇక్కడ మీట లాగితే
ఎడమవైపు ఈ చిన్న పిడి కూడా తిరగాలి.
తిరక్కపోతే ఏమీ పడనట్టే.

ఈసారి ఆకుపచ్చ కోటు విప్పలేదు.
లెన్సులోకీ చూడటం లేదు.
మెడ కాస్త వంచి, కళ్లు చిన్నవి చేసి,
మేస్త్రీలా
ఆ పిడినే చూస్తోంది.

"తిరిగిందిలే," అంది, "ఇంక నొక్కు."