పాయింట్ వన్

లింబాద్రీ, నిచ్చెన గట్టిగ పట్టుకో, చెప్తా విను.
అట్టపెట్టె మీద రాసింది ఫైవ్ పాయింట్ వన్.
అయిదంటే అయిదు గొంతులు:
ముంగట ఎడమ, ముంగట కుడి,
ఎనకకెల్లి గుసగుసలాడేటివి రెండు,
నడుమది సెంటర్.
డైలాగంత దాని నోట్లకెల్లే వస్తది.
పెండ్లిల పెద్దమనిషి లెక్క,
పాట ఎవలన్న పాడనీ
ముచ్చట తెంపేది అదే.

మరి పాయింట్ వన్ ఏందన్నా,
ఒకటిల పదో వంతా? అంటవు.
నేనూ అడిగిన రొడెల్‌ను, పదకొండేండ్ల కింద,
మనామల గోదాం మెట్ల మీద
రొట్టె నములుకుంట.
నవ్విండు. చెప్పలే.
మెట్‌పల్లిల మైక్‌సెట్ నడిపినోన్ని,
వాటర్ ట్యాంకుకు హారన్లు కట్టి
మూడూర్ల నిద్ర చెడగొట్టినోన్ని,
నాకు ఈడు సౌండు నేర్పుతడా అని
మూడు దినాలు వానితోని మాట్లాడలే.

అప్పుడు నాకొచ్చిన మాట ఒక్కటే: పెంచు.
పెంచుడు కాదు, జాగ ఇడిచిపెట్టుడు అని
ఈడికొచ్చినంక తెల్సింది.
డైనమిక్ రేంజ్ అంటరు దాన్ని.
చీమ నడకకు పిడుగుకు నడుమ
ఎంత బయలుంటే అంత ధర.
తెరకు కాంట్రాస్ట్ కూడ గంతే.
తెలుపు ఎవడన్న చేస్తడు,
నలుపును నలుపుగ ఉంచుటానికే పైసలు.
చౌక టీవీల రాత్రి బూడిదరంగుంటది.
ఇండ్ల, అగో, లైటార్పు,
కరెంటు పోయిన మన వాడకట్టు.

లిప్ సింక్ తప్పుడంటే
పెదవి ముందు, మాట ఎనక.
నీ ఫోన్ల మీ అత్తమ్మ నోరు మూసినంక
తిట్టు వస్తది చూడు, గదే.
దీంట్ల మిల్లీసెకండ్లు సరిచేసే మీట ఉంది.
దాంట్ల లేదు.

ఇగ క్రాసోవర్. తూము అనుకో.
ఎనభై హెర్ట్జ్ కాడ తలుపు పెడ్తం,
పైనీళ్లు అయిదింటికి,
అడుగునీళ్లు ఆ నల్ల డబ్బాకు.
ఆ డబ్బానే పాయింట్ వన్.
మాట్లాడది. పాడది.
ఏడున్నదో చెవికి దొరకది.

మొన్న నువ్వు జ్వరమని పండుకున్ననాడు
ముహర్రఖ్‌ల పని.
గల్లీ ఎంత సన్నగంటే
సబ్‌వూఫర్‌ను పసిపోరని లెక్క ఎదకు ఎత్తుకపోయిన.
రాషిద్ అనేటాయన ఇల్లు.
మూలకు చాప మీద వాళ్ల నాయిన,
తొంభై దాటినయి, చెవులు పోయి ఇరవై ఏండ్లంట.
ఆయనతోని నీకేం ఇబ్బంది లేదు,
ఎంత సౌండన్న పెట్టుకో అన్నడు కొడుకు.

మూడు కాళ్ల మీద మైకు నిలవెట్టి
పింక్ నాయిస్ ఇడిచిన,
తవుడు జల్లెడ పట్టినట్టు సర్రుమని.
ముసలాయన కదల్లే.
అయిదు గొంతులు అయిపోయినయి. కదల్లే.
నల్ల డబ్బా వంతొచ్చింది.
ముప్పై కాడ గావా కప్పులు పళ్లెంల వణికినయి.
ఆయన అరచెయ్యి నేల మీద పెట్టిండు.
పాక్కుంట పాక్కుంట వచ్చి
డబ్బాకు చెంప ఆనించిండు.
నోరు తెర్వకుండ
కిందికెల్లి, ఎక్కడో కడుపుల కెల్లి,
హూం అని ఒక్కటే శృతి పట్టిండు.

చిన్నప్పుడు ముత్యాల పడవ మీద పోయిండు,
నీళ్లందించే పోరగాడు, అన్నడు రాషిద్.
పడవల పాడేటోడు ఒకడే అంట.
మిగిలినోళ్లంత కింద
గిట్ల పట్టుకోని ఉంటరంట.

నేను టెస్ట్ సౌండ్ బంద్ చేసిన.
లాప్‌టాప్‌ల గీత దిగలే.
ఎనభై కాడ, నేను తలుపు పెట్టిన కాడ్నే,
గడ్డపార లెక్క నిలబడ్డది.

గదిల చప్పుడుంది, మళ్లీ కొలవమని
తెర మీద ఎర్రక్షరాలు.
ఇద్దరం ఆగినం. కప్పులు సల్లారినయి.
రొడెల్ ఉంటే ఇప్పుడు నేనే నవ్వెటోన్ని.

సరే,
ఆ నాలుగో నంబర్ స్క్రూ ఇటియ్యి.
నిచ్చెన కదలనియ్యకు.