అరండల్‌పేట ఏడో లైన్లో, రెండో వైపు

అట్ట తడిసి బ్యాండు పేరు ఊడిపోయింది.
మిగిలింది ఒక ఏనుగు తొండం, సగం చంద్రుడు,
మూలన ఎవరిదో అమెరికా పిన్‌కోడు.
పాత ఇనప సామాన్ల కొట్లో కిలో లెక్కన కొన్నాను.

రెండో వైపంతా ఒక్కటే పాట. ఇరవై రెండు నిమిషాలు.
గిటారు ఇంటికెళ్తానని బయల్దేరి
ప్రతి సందులోనూ ఆగి పలకరిస్తుంది;
ఆర్గాన్ వాడికి అసలు ఇల్లే గుర్తులేదు.
"వీళ్ళకి పల్లవి దొరకలేదా?" అన్నాను.

మస్తాన్ వలీ మాట్లాడలేదు.
పెళ్ళిళ్ళ బ్యాండులో సైడ్ డ్రమ్ము అతనిది,
పగలు మిర్చి యార్డులో బస్తాలు.
ఘాటింకా వదలని వేళ్ళు తొడ మీద
తకిట తకధిమి, తకిట తకధిమి...
"ఏడు," అన్నాడు. "మన మిశ్రమే.
సమం మాత్రం దాచేశారు, దొంగ నాయాళ్ళు."

పదిహేడో నిమిషంలో కరెంటు పోయింది.
పళ్ళెం నీరసించి, గొంతు బొంగురుపోయి, ఆగింది.
అతని వేళ్ళు ఆగలేదు.
మిగతా ఐదు నిమిషాలూ చీకట్లో అతనే వాయించాడు.

మర్నాడు లాలాపేట ఊరేగింపులో
నాలుగు దెబ్బల పాట నడుమ
ఎక్కడో ఒక ఏడు జారవిడిచాడు.
గుర్రం ముందు గెంతుతున్న కుర్రాళ్ళు
ఒక కాలు గాల్లో పెట్టుకుని
నేల కోసం వెతుక్కున్నారు.