మాసప్ప గోడ

మక్తల్ల తిప్పమ్మ ఇంటికి
వైరింగు మార్చనీకి పోతే
మొదాలు కనవడ్డది కట్టవుటు.
పింగాణి పెదాల నడుమ
ఫ్యూజు తీగ ఉండాల్సిన జాగాల
సైకిల్ స్పోకు ముక్క.

"శానా ఏండ్లాయె, ఒక్కసారి గూడ కాలలే"
అన్నది, మెచ్చుకున్నట్టు.
కాలేటందుకే పెడ్తరమ్మా దాన్ని, అన్న.
కాలిపోనీకే పుట్టినదాని జాగాల
సావనిదాన్ని కూసోబెట్టిన్రు.

ఇల్లు పాతది. మట్టి మిద్దె, శాబాదు బండలు,
వాసాల పొంటి టేకు పట్టీలు,
పట్టీలల్ల గుడ్డ చుట్టిన తీగలు.
ఏలుతోని ఒత్తితే
పుండు పెచ్చు తీరు రాలే రబ్బరు.
ఇస్త్రీ పెట్టె ముట్టాలంటే పీట ఎక్కాలె,
అది ఆ ఇంటి కాయిదా.
ఫ్రిజ్జు తలుపు కొంగుతోని తెరుస్తరు.
కోడలొచ్చిన మొదటి దినమే నేర్పిన్రట,
ఉప్పు డబ్బా యాడుంటదో చెప్పినంత మామూలుగ.

లెక్క రాసిచ్చిన.
కుర్మన్న కాయిదం మడిచి జేబుల వెట్టి
"సగం ఇప్పుడు, ఎనక గోడ పత్తి అమ్మినంక" అన్నడు.
నేను గూడ సరే అన్న.
అది నా తప్పు, రాస్కోండ్రి.

కొత్త డబ్బా. ఆరు ఎంసీబీలు.
పక్కన వెడల్పుది ఇంకొకటి,
మనిషిలకెల్లి కరెంటు పోతుంటే
రెప్ప కొట్టేలోపు పడిపోయేది.
పెరట్ల ఎర్తు గుంత, ఎనిమిది అడుగులు,
అడుగున రాగి పలక,
పొరకు ఉప్పు, పొరకు బొగ్గు.
"భూమికి గూడ ఉప్పు తినవెట్టాల్నా?"
తిప్పమ్మ నవ్వింది.

మొదటి వాన వడ్డ రాత్రి ఫోను.
"నీ డబ్బా మంచిది గాదు, ఊకె పడ్తున్నది.
పాతదే నయం, ఎన్నడు పడలే."

పొద్దుగాల మెగ్గరు పట్టుకొని పోయిన.
ఒక్కొక్క లైను ఇడగొట్టి చూస్తుంటే
ముల్లు ఎనక గోడకాడ ఒరిగింది.

ఆ గోడ దిక్కు ఎవ్వరు పోరు.
ఇరవై రెండేండ్ల కింద, శ్రావణంల,
తిప్పమ్మ మరిది మాసప్ప
తడి ధోతి దండెం మీద ఏస్తా ఏస్తా
పడ్డడట, ఒక్క మాట లేకుంట.
గాలి సోకిందన్నరు.
కోడిని కోసిన్రు, నిమ్మకాయలు కట్టిన్రు,
దండేన్ని ముట్టొద్దన్నరు.
బంతి ఆడ పడితే
పిల్లలు కొత్త బంతి అడుగుతరు గని
దాన్ని తెచ్చుకోరు.

సిమెంటు పూత గీకిన.
లోపల టేకు పట్టీ.
దండెం కట్టిన మొల, నాలుగంగుళాలది,
పట్టీని చీల్చుకొని
ఎర్ర తీగ నడుమల్కు
సూది బట్టల దిగినట్టు దిగింది.

ఎండకు ఊకున్నది. గోడ తడిస్తే లేసింది.
నిమ్మకాయలు పని చెయ్యలే అనను నేను.
ఇరవై రెండేండ్లు ఆ ఇంట్ల
సక్కగ పని చేసిన ఫ్యూజు
ఆ భయమొక్కటే.

చెప్పాల్నా, ఒద్దా.
మొల జేబుల ఏసుకున్న. మల్ల తీసిన.
తిప్పమ్మ అరచేతుల వెట్టిన.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
తుప్పు ఏలికి అంటింది.
"గాలి గాదా?"
"కాదమ్మా."
శానాసేపటికి అన్నది:
"ఈ మొల కొట్టేటప్పుడు
నిచ్చెన నేనే పట్టిన."

పత్తి ఇంక సంచిల గింజనే.
ఎనక గోడ లైను ఆ దినమే పీకేసిన.

పోయే ముంగల చెప్పిన,
ఎండకాలం ఎర్తు గుంత ఎండొద్దు,
వారానికి రెండు బిందెలు పొయ్యాలె అని.
ఇప్పుడు వానలే గదమ్మా అన్నా ఇనలే.
ఒకటి పోసింది. రెండోది పోసింది.
మల్ల లోపలికి పోయి
మూడోసారి, చెంబుతోని,
కొంచెం కొంచెం.

నేను టెస్టరు సంచిల వెట్టుకుంట
పక్కకు చూసిన.