పది నిమిషాల ముందు

గురువారాలు కైనా గ్రంథాలయంలో
కిటికీ పక్క బల్ల నాది.
కంప్యూటరుతో పేచీ పడ్డవాళ్ళు వచ్చి కూర్చుంటారు.
ఈ వారం విర్వె వచ్చింది,
హీయుమా దీవిలో పశువుల డాక్టరు,
బూట్లకు పేడ, చంకలో లాప్‌టాప్.

"ఈ పది నిమిషాలు ఎవరివి?" అంది.
నాకు అర్థం కాలేదు.
"క్యాలెండర్‌లో ఏ పని రాసినా
పది నిమిషాల ముందు గంట కొడుతోంది.
నేను చెప్పలేదు. మరెవరు చెప్పారు?"

డిఫాల్ట్ అన్నాను.
ఎవరేం తింటారో అడక్కుండా
అందరి విస్తట్లో వేసే ముద్ద అన్నాను.
"వడ్డించినవాడికి రేవు ఎంత దూరమో తెలీదన్నమాట."

నిజమే.
ఎక్కడో ఒక ఆఫీసులో
పక్క గదిలోని మీటింగుకు నడిచి వెళ్ళే మనిషెవరో
తన అడుగులతో కొలిచి ఉంటాడు లోకాన్ని.
సీసాలో నీళ్ళు పట్టుకుని, వరండా దాటి, తలుపు తోసి
పది నిమిషాలు.
ఇక్కడ హెల్టర్మా రేవుకు నలభై,
మంచు పడితే గంట,
దారికి దుప్పి అడ్డం నిలబడితే దేవుడెరుగు.

సెట్టింగులు తెరిచాం.
ఓడకు రెండు గంటల ముందు చెవిన వేయాలి.
టీకాలకు ముందురోజు సాయంత్రమే,
డబ్బాలో పెట్టే ఐసు రాత్రికి గడ్డకట్టాలి కదా.
పంటి డాక్టరుకు?
"సున్నా. ముందే తెలిస్తే వెళ్ళను."
చెల్లెలి పుట్టినరోజుకు తొమ్మిది రోజులు:
ఉన్ని మేజోడు ఒక్కో కాలికి నాలుగు రాత్రులు,
మిగిలిన ఒక్కటి
కోపం తగ్గడానికి.

అప్పుడు నా చేతిలోంచి మౌస్ లాక్కుంది.
జాబితాను పైకీ కిందకీ రెండుసార్లు జరిపింది.
నిమిషాల ముందు, గంటల ముందు,
రోజుల ముందు, వారాల ముందు.
"తర్వాత ఏదీ?"

తర్వాత లేదన్నాను.

"నిన్న రాత్రి కల్యు కొట్టంలో ఆవు ఈనింది.
అడ్డం తిరిగిన దూడ, భుజం దాకా చెయ్యి పెట్టి తీశాను.
ఈనే ముందు ఆవే అరుస్తుంది, దానికి నీ గంట అక్కర్లేదు.
మూడో రోజు పిలవాలి నన్నెవరైనా.
దూడ పొదుగు అందుకుంటోందా,
తల్లికి జ్వరం దిగిందా, పోయి చూడు అని.
నా పనిలో సగం తర్వాతలోనే ఉంటుంది."

జరిగిపోయినదాన్ని గుర్తుచేసి ఏం లాభమని
వాళ్ళు అనుకుని ఉంటారు అనబోయాను.
గడువు దాటిన పుస్తకాల కోసం
ఊరందరికీ ఉత్తరాలు రాసేది నేనే.
నోరు మూసుకున్నాను.

చివరికి శనివారం సాయంత్రం ఐదింటి మీద
కొత్త పని ఒకటి సృష్టించాం.
పేరేం పెట్టాలంటే
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది:
తర్వాత.

శనివారం గాలి లేచింది, ఓడలు ఆగిపోయాయి.
ఇంకా తెల్లారకుండానే నాకు మెసేజ్:
"ఐదింటికి మోగింది. ఏడింటి ఓడ లేదు.
దానికెవరూ చెప్పలేదు పాపం.
లేచాను కాబట్టి కల్యు కొట్టానికి పోతున్నా."

సాయంత్రానికని పెట్టుకున్న తర్వాత
ఇంకా పన్నెండు గంటల దూరంలో ఉంది.