రాత్రి ఏం పని నీకు?

సఖినేటిపల్లి రేవులో, పంటు దిగే చోటికి
నలభై అడుగుల దూరంలో నా మందుల షాపు.
మంచు పడ్డం మొదలైతే చాలు
గోదారి దాటొచ్చిన ప్రతి రెండో మనిషీ
ముక్కుకి తువాలు అడ్డం పెట్టుకునే మెట్లెక్కుతాడు.

"జలుబుకేదైనా ఇవ్వమ్మా, రేపటికి తగ్గిపోవాలి."

రేపటికి తగ్గదు.
వారం ఉందామని వచ్చిన చుట్టం అది,
సంచి సర్దుకుని దానంతట అదే పోతుంది.
నా అల్మారాలో ఉన్నవేవీ దాన్ని వెళ్లగొట్టవు,
అది చేసే గోలని కాస్త తగ్గిస్తాయి, అంతే.

ఈ పసుపు బిళ్ల ఉందే,
తుమ్మమని ఒంట్లో తిరిగే కబురు
ఏ గడపకి చేరాలో ఆ గడపలో ముందే వెళ్లి కూర్చుంటుంది.
కూర్చున్నది ఊరుకోదు. మెదడులోకీ నడిచి
అక్కడ మెలకువగా ఉన్న దీపాన్నీ తగ్గిస్తుంది.

పోయిన కార్తీకంలో కొల్లాటి ధనరాజు వచ్చాడు,
చొక్కా గుండీలు ఊడేలా దగ్గుతూ.
బిళ్లలిచ్చాను. దగ్గమని మెదడిచ్చే హుకుం నొక్కేసే
ఎర్ర సీసా కూడా ఇచ్చాను.
"నిద్దరొస్తుంది" అన్నాను, చిల్లర లెక్కపెడుతూ.
"రావాలనే కదండీ" అని నవ్వాడు.
రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా అతనిది.
నేనడగలేదు, అతను చెప్పలేదు.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగాయి.
జనరేటరు హ్యాండిల్ తిప్పాల్సిన చెయ్యి
పాకలో దుప్పటి కింద మెత్తగా పడుంది.
తెల్లారేసరికి నాలుగెకరాల గట్టు పొడవునా
తెల్లగా...

వారం తర్వాత వచ్చి నిలబడ్డాడు. తిట్టలేదు.
"మందు బానే పనిచేసిందండీ,
దగ్గే రాలేదు" అన్నాడు.

ఆ మాట ఇంకా నా కౌంటరు అద్దం కిందే ఉంది.

ఇప్పుడు అందర్నీ అడుగుతాను.
రాత్రి ఏం పని నీకు? పంటు నడుపుతావా, లారీ తోల్తావా?
సాయంత్రం చుక్కేస్తావా? నిజం చెప్పు, మీ ఆవిడ పక్కన లేదుగా.
బీపీ ఉందా?
ముక్కు దిబ్బడ విప్పే బిళ్ల రక్తనాళాల్ని బిగిస్తుంది,
ముక్కువేవో మిగతా ఒంటివేవో దానికి తేడా తెలీదు.
పొద్దున్నే జ్వరం బిళ్ల వేసుకొచ్చావా?
జలుబు బిళ్లలో ఉన్నదీ ఆ పారాసిటమాలే, చొక్కా మారింది.
రెండూ మోసేది కాలేయం. అది మొదట్లో నొప్పని కూడా అనదు.

దగ్గు పూడిక తీసే కూలీ, సత్తెమ్మా.
తెమడ ఇంకా ఉండగానే కూలీని పంపేస్తే కాలవ గతేమిటి?
వేన్నీళ్లు తాగు. రెండు వారాలు దాటిందంటున్నావు,
ముందు రాజోలు ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించు.

కొబ్బరికాయల గుబ్బల వీర్రాఘవులు వినడు.
మూడు వారాలుగా ముక్కులో చుక్కలే చుక్కలు.
వేస్తే కాసేపు గాలి, ఆ తర్వాత మళ్లీ గోడ.
"లాకు తలుపు పదే పదే దించితే
వెనకున్న నీరు ఊరుకుంటుందా బాబాయ్?
ఇప్పుడు నీ దిబ్బడ జలుబుది కాదు, ఆ చుక్కలదే."
అంతా విని, ఇంకో సీసా అడిగాడు.

నిన్న ఆఖరి పంటుకి ముందు మార్త వచ్చింది,
భుజం మీద ఏడాదిన్నర పిల్ల, గురగురమంటూ.
"పెద్దాడి సిరప్పుంది ఇంట్లో. సగం చెంచా పొయ్యనా?"
వద్దన్నాను. ఇంత పిల్లకి అందులో సగమూ లేదు, పావూ లేదు.
ఉప్పునీటి చుక్కలిచ్చాను.
డొక్కలెగరేస్తే, పాలు మానేస్తే, అర్ధరాత్రైనా
డాక్టరు దగ్గరికి పరిగెత్తమన్నాను.

నా వెనక అరల వైపు చూసింది.
"ఇన్ని సీసాలున్నాయి కదండీ..."

ఏం చెప్పను?
పిల్లకి కొంగు కప్పి పంటెక్కింది.
అవతల నరసాపురం ఒడ్డున
మందుల షాపుల దీపాలు ఇక్కడికి కనిపిస్తాయి,
ఒకటి, రెండు, ఐదు.